నాలుగు కచేరీలు, ఒక షరతు

నేను చదివింది నాలుగో తరగతి. రాగం పేరు తప్పు చెప్పను గానీ, అక్షరం తప్పు పడితే మీరే దిద్దుకోండి. మాఘమాసంలో ఐదు రోజులు ఇల్లు విడిచి, గోదావరికి ఈ ఒడ్డున రెండు, ఆ ఒడ్డున రెండు పాట కచేరీలు విని వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో ప్రతివాళ్లూ ఏం విన్నారు, ఏం తిన్నారు, ఎంతయింది అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే రాసి పెడుతున్నాను. వెళ్లనివాళ్లు చదువుకోండి. వెళ్లగలిగినవాళ్లు సాకులు మాని వెళ్లండి.

ఉప్పాడ

మాది చేనేత ఇల్లు. జాంధానీ మగ్గం మీద నలభై ఏళ్లు కూర్చున్నాను. ఆ మగ్గానికి ఇద్దరు కావాలి. పక్కపక్కన కూర్చుని, పోగులు లెక్కపెట్టుకుంటూ పువ్వు ఎత్తాలి. మా ఆయన ఒక పక్క, నేను ఒక పక్క, గూట్లో రేడియో. పొద్దున్నపూట రేడియోలో కచేరీ వచ్చేది. నాకు సంగీతం ఎవరూ నేర్పలేదు. విని విని ఏది తోడి రాగమో, ఏది సావేరి రాగమో తెలిసింది. తాళం కూడా అలాగే పట్టుబడింది. నా చెయ్యి తాళం తప్పదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఈ ప్రయాణం కట్టాను.

నా కొడుకు కూతురు పావని ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. నాలుగేళ్లుగా పిఠాపురం వెళ్లి వీణ నేర్చుకుంటోంది. ఆ వీణ నేను కొన్నదే, ఫీజు నేను కట్టేదే. మొన్న మా అబ్బాయి అన్నాడు కదా, "అమ్మా, దాని మనసు వీణ మీద లేదు. నీ భయానికి వెళుతోంది. ఈ నెలతో మానిపించెయ్, చదువన్నా బాగుపడుతుంది."

పిల్లని పిలిచి ఎదురుగా నిలబెట్టాను.

"నాలుగు కచేరీలకి తీసుకెళతాను. నా పక్కన కూర్చోవాలి. ఫోను తియ్యకూడదు. నేను లేపితే తప్ప లేవకూడదు. నీకు సంగీతం కావాలో అక్కర్లేదో అక్కడ తేలిపోతుంది. కావాలంటే మీ నాన్న వద్దన్నా నేర్పిస్తాను. అక్కర్లేదంటే వీణ అమ్మేస్తాను."

"సరే మామ్మా."

"ఊరికే సరే అంటే కాదు. మాట."

"మాటే."

ఉప్పాడ నుంచి కాకినాడ వెళ్లే రోడ్డుని మళ్లీ సముద్రం కొరికేసింది. బస్సు పిఠాపురం మీదుగా తిరిగి వెళ్లింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి ఎంత చుట్టు తిరిగినా నాకు పట్టింపు లేదు. ఎక్కడికని కండక్టరు అడిగాడు. రాజమండ్రిలో పాట కచేరీకి అన్నాను.

"పాట కోసం రాజమండ్రి దాకానా మామ్మగారూ? ఫోన్లో రాదాండీ?"

"ఫోన్లో భోజనం బొమ్మ కూడా వస్తుంది బాబూ. కడుపు నిండుతుందా?"

వెనక సీట్లవాళ్లు నవ్వారు. పావని కిటికీ వైపు తిరిగింది.

రాజమండ్రి

హాలు దగ్గరికి చేరేసరికి లోపల సన్నాయి మోగుతోంది. మంగళవాద్యంతో మొదలుపెట్టారు, పద్ధతి తెలిసినవాళ్లే అనుకుని వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. ఎవరో పన్నీరు చల్లారు. ఇంకెవరో లడ్డూ, జీడిపప్పు ఉప్మా ఉన్న పళ్లెం చేతిలో పెట్టారు. సభవారు ఇంత మర్యాద చేస్తారా అని ఆశ్చర్యపడుతూ సగం లడ్డూ తిన్నాను.

"మామ్మా, అది పెళ్లికూతురు," అంది పావని.

తలెత్తి చూస్తే నిజమే. కచేరీ మేడ మీదట, కింద పెళ్లిరిసెప్షను. ఊరికే తినడం మా ఇంటావంటా లేదు. వేదిక మీదికి వెళ్లి పిల్లకీ పిల్లాడికీ అక్షింతలు వేసి, యాభై ఒక్క రూపాయలు చదివించి పైకి ఎక్కాను. ఆ లడ్డూకి యాభై ఒకటి ఎక్కువే.

పైన మా పక్క కుర్చీలో సువార్త టీచరుగారు పరిచయమయ్యారు. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు, ఆదివారాలు చర్చి క్వాయరులో పాడతారు. ఈ నాలుగు కచేరీలకీ ఏటా వస్తారట. ఒడిలో చిన్న నోటు పుస్తకం పెట్టుకుని ఏ రాగం పాడారో రాసుకుంటున్నారు. రాగం గుర్తుపట్టడంలో మా ఇద్దరికీ పోటీ పడింది. మొదటి మూడూ నేనే ముందు చెప్పాను. నాలుగోది ఆవిడ చెప్పారు. అప్పుడే నాకు దగ్గు వచ్చింది కాబట్టి.

"తాళం బాగా వేస్తున్నారండి," అన్నారావిడ. "కాస్త మెల్లగా వేస్తే నాకు పాట కూడా వినపడుతుంది."

ఇంతలో తని వచ్చింది. తెలియనివాళ్లకి చెబుతున్నాను. కచేరీలో పెద్ద పాట అయ్యాక గాత్రం, వయొలిన్ ఆగిపోయి మృదంగం ఒక్కటే కాసేపు వాయిస్తారు. దాన్నే తని అంటారు. అది మొదలవగానే జనం లేవడం అన్ని ఊళ్లలోనూ ఉన్న అలవాటే. కాఫీకి కొందరు, ఫోన్లకి కొందరు, ఊరికే కాళ్లు చాపుకోవడానికి కొందరు. నేను మాత్రం తక్కువదాన్నా? తని అంటే నా లెక్కలో పులిహోర డబ్బా మూత తీసే వేళ.

"లే, తినేద్దాం పద."

"ఇప్పుడే ఎందుకు మామ్మా?"

"మళ్లీ పాట మొదలయ్యేలోపు అయిపోవాలి. లే."

పావని గుమ్మం దగ్గర నిలబడి, మొహం లోపలి వైపు పెట్టి తింది. ముద్దకీ ముద్దకీ మధ్య ఎంతసేపు పట్టిందో. నేను గదమాయించాల్సి వచ్చింది.

హాలు నుంచి బయటికి వచ్చాక సువార్త టీచరుగారు మమ్మల్ని వదలకుండా తీసుకెళ్లి రోజ్‌మిల్క్ తాగించారు. ఆ ఊళ్లో అది తాగకుండా వెళ్లకూడదట. మా వైపు అంత గులాబీ రంగు పాలు ఎవరైనా ఇస్తే పారబోస్తాం. తాగితే బాగానే ఉంది. రెండో గ్లాసు నేను అడగలేదు, పావని అడగబోతే చూపుతోనే ఆపాను.

ధవళేశ్వరం

శనివారం పొద్దున్న కచేరీ ధవళేశ్వరంలో, ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి దిగిపోయిన ఒకాయన ఇంటి వసారాలో. మైకు లేదు. చాపల మీద నలభై మందిమి మోకాళ్లు తగిలేలా కూర్చున్నాం. మైకు లేని పాట వినని వాళ్లకి ఒక మాట చెప్పాలి. వాయిద్యం వాయించే మనిషి ఊపిరి కూడా వినపడుతుంది. చాప మీద కూర్చుంటే మృదంగం దెబ్బ నేలలోంచి వచ్చి మన ఒంట్లోకి దిగుతుంది.

ఆ రోజు వీణ. నా వయసావిడే, విజయవాడ నుంచి వచ్చారు. సహాన రాగం వాయిస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇదిగో, నా పిల్ల రేపు ఇలా కూర్చుంటుంది అనుకుంటూ పక్కకి చూశాను. పావని వీణ వైపు చూడటమే లేదు. తల కాస్త వంచి, ఎటో చూస్తోంది. కుడిచేతి వేళ్లు మోకాలి మీద ఊరికే ఆడుతున్నాయి, ఫోను మీద టైపు కొడుతున్నట్టు.

వేళ్ల మీద ఒక్కటి వేశాను. ఆగింది.

తని వచ్చింది. ఆ ఇరుకులో లేచి వెళ్లడానికి దారి లేదు కాబట్టి కాఫీయే మా దగ్గరికి వచ్చింది. గ్లాసుల చప్పుడులో, మాటల్లో మృదంగం సగం మునిగిపోయింది. పావని వేళ్లు మళ్లీ మొదలుపెట్టాయి. ఈసారి ఊరికే కాదు, తాళం వేస్తున్నట్టే ఉంది. సరే చూద్దామని నేనూ తొడ మీద వేస్తూ దాని చేతి వైపే చూశాను. నా దెబ్బ ఒకచోట పడుతుంటే దాని దెబ్బ ఇంకోచోట పడుతోంది. తాళం ఒక ఆవర్తం తిరిగేదాకా చూశాను, రెండు చూశాను. కలవలేదు. నాలుగేళ్లు నేర్చుకున్న పిల్లకి ఎనిమిది దెబ్బల ఆదితాళం రాదు! మృదంగం వాయించే మాస్టారు కూడా మా వైపు రెండుసార్లు చూశారు. పిల్ల తాళం తప్పుతోందని ఆయనకి చిరాకు వచ్చిందని నాకు తల కొట్టేసినట్టయింది. గట్టిగా దాని చెయ్యి పట్టుకుని నా ఒళ్లో పెట్టేసుకున్నాను. కచేరీ అయ్యేదాకా వదల్లేదు.

ఆ తర్వాత హోటల్లో పెసరట్టు ఉప్మా చెప్పాను. రాజమండ్రి కంటే ఇక్కడ ఐదు రూపాయలు తక్కువ, అల్లం పచ్చడి ఎక్కువ. తింటూనే చెప్పేశాను.

"మీ నాన్న మాటే నిజం. సాయంత్రం ఫోను చేసి చెప్పేస్తాను. నాలుగేళ్లు నీళ్లలో పోశాను."

పావని పెసరట్టు తుంచడం ఆపింది. "నాలుగు కచేరీలు అన్నావు."

"అంటే?"

"ఇంకా రెండు ఉన్నాయి."

మాట మాటే. ఫోను చెయ్యలేదు. కానీ ఆ రెండూ విన్నంత మాత్రాన ఏమీ మారదని నాకు తెలుసు.

గోదావరి దాటి

ఆదివారం రావులపాలెం మీదుగా కోనసీమలోకి దిగాం. మా ఉప్పాడలో గాలికి ఉప్పు అంటుకుంటుంది, ఇనప గడియ ఏడాది తిరక్కుండా తుప్పు పడుతుంది. ఇక్కడ అటుచూస్తే కొబ్బరి, ఇటుచూస్తే కొబ్బరి, మధ్యలో కాలవ. ఇంత నీడలో మనుషులు పని ఎలా చేస్తారో, నాకైతే నిద్రొచ్చింది. పొద్దున్న పొట్టెక్కలు తిన్నాం. పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలవి. ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది. ఇంటికి వచ్చాక చేద్దామనుకున్నాను గానీ మా వైపు అంత పనసాకు దొరకదు.

ఆ సాయంత్రం మేము దిగిన ఊళ్లో గుడి ముందు నాదస్వరం. మన దగ్గర సన్నాయి అంటే పెళ్లిలో ఎవరూ వినని చప్పుడు. అక్కడ ఊరంతా కూర్చుని రెండు గంటలు కదలకుండా విన్నారు. నేను కూడా. పావని బుద్ధిగా నా పక్కనే కూర్చుంది, రెండు చేతులూ చీర కొంగు పట్టుకున్నట్టు చున్నీలో చుట్టేసుకుని. చూస్తే జాలేసేలా ఉంది గానీ, నేను పట్టించుకోలేదు.

సువార్త టీచరుగారు ఉదయం చర్చిలో ప్రార్థన ముగించుకుని మధ్యాహ్నానికి వచ్చి కలిశారు. సంగతి ఆవిడకి చెప్పాను.

"అమ్మాయి తప్పు వేసిందని మీకెలా తెలుసండి?"

"నాకు తాళం తెలుసు."

"నాకూ తెలుసనే అనుకునేదాన్నండి. మా క్వాయరుకి కొత్త మాస్టారు వచ్చేదాకా."

ఆవిడతో నేను ఆ పూట మళ్లీ మాట్లాడలేదు.

సోమవారం కచేరీ

ఆఖరి కచేరీ ఆ ఊళ్లోనే, కొబ్బరితోటలో షామియానా వేసి పెట్టారు. మధ్యాహ్నం మూడింటికి మొదలు. పాడింది పెద్దాయన, గొంతు కాస్త బొంగురుపోయినా కాంభోజి పాడుతుంటే తోట తోటంతా నిలబడి విన్నట్టుంది. మృదంగానికి ధవళేశ్వరంలో వాయించిన మాస్టారే.

తని మొదలైంది. షామియానా బయట అరటికాయ బజ్జీలు వేస్తున్నారు. వాసన ఎటు వస్తే కాళ్లు అటు వెళ్లాయి. ఐదు నిమిషాల్లో కుర్చీలన్నీ ఖాళీ. నేను వంగి సంచీలోంచి డబ్బా తీసి, మూత తిప్పి, "ఇదిగో" అంటూ పక్కకి చాపాను. కుర్చీలో పావని లేదు.

నా ఒళ్లు మండిపోయింది. నేను లేపితే తప్ప లేవకూడదని ఇంట్లోనే చెప్పాను. మాట అంది. మూడు రోజులు ఓర్చుకుని ఆఖర్న బజ్జీ కోసం మాట తప్పింది. ఇంక నేను అడగాల్సింది ఏమీ లేదనిపించింది. డబ్బా చేత్తోనే పట్టుకుని బజ్జీల దగ్గర వెతికాను. లేదు. వెనక్కి తిరిగాను.

పిల్ల ఎక్కడికీ పోలేదు. వేదిక ముందు, మృదంగానికి ఎదురుగా, వట్టి చాప మీద ఒక్కతే కూర్చుని ఉంది. చున్నీలోంచి చేతులు తీసి తాళం వేస్తోంది.

లాక్కొద్దామనే వెళ్లాను. దగ్గరికి వెళ్లాక అడుగు పడలేదు. ఆ మాస్టారు అప్పటిదాకా ఖాళీ కుర్చీల మీంచి ఎటో చూస్తూ వాయిస్తున్నారు. ఇప్పుడు పిల్ల చేతి వైపే చూసి వాయిస్తున్నారు. ఒక చిన్న వరస వాయించి కనుబొమలెత్తుతారు. పావని తల ఊపుతుంది. ఇంకాస్త కష్టమైనది వాయిస్తారు. మళ్లీ ఊపుతుంది. నలభై ఏళ్లుగా కచేరీలు వింటున్నానని చెప్పుకునే నేను, ఒక తని మొదటినుంచి చివరిదాకా నిలబడి విన్నది ఆ రోజే.

నా చెయ్యి కూడా దానంతట అదే కదిలింది. కాసేపు బాగానే వేశాను. మాస్టారు లెక్క మార్చారు. దెబ్బలు నా చేతికి అడ్డంగా పడుతున్నాయి. మూడో ఆవర్తంలో నాకు దారి తప్పిపోయింది. పావనికి తప్పలేదు. ఎడమచేత్తో మోకాలి మీద ఆయన లెక్క, కుడిచేత్తో తాళం, రెండూ విడివిడిగా నడుపుతోంది. పెద్ద ముగింపు మూడుసార్లు చుట్టివచ్చి ఆయన ఆఖరి దెబ్బ ఎక్కడ వేశారో, దాని చెయ్యి సరిగ్గా అక్కడే పడింది. నా చెయ్యి ఒక దెబ్బ వెనక గాల్లో ఉంది. దించేసుకున్నాను. ఎవరూ చూడలేదు, సువార్త టీచరుగారు తప్ప. ఆవిడ మంచిమనిషి, బజ్జీ తింటూ అటు తిరిగారు.

మంగళం పాడాక నేనే ఆయన దగ్గరికి వెళ్లాను.

"మాస్టారూ, మొన్న ధవళేశ్వరంలో మా పిల్ల తాళం తప్పి మీకు ఇబ్బంది కలిగించింది. ఏమీ అనుకోకండి."

"తప్పిందా?" అన్నారాయన. "ఎవరన్నారండీ? నాలుగుగా నడిచే తాళం మీద నేను ఐదేసి లెక్కన వాయించాను. వసారాలో అంతమందిలో ఆ ఐదు పట్టుకున్నది ఈ అమ్మాయి ఒక్కతే. చివర్లో నాతోపాటే దిగుతుందా అని చూస్తుంటే, మీరు చెయ్యి పట్టేసుకున్నారు."

నాకు మా మగ్గం గుర్తొచ్చింది. చీర అంచులో ఐదు పోగులకో చుక్క, ఎనిమిది పోగులకో పువ్వు వేసుకుంటూ పోతే, మధ్యలో చూసినవాళ్లకి గందరగోళంగానే ఉంటుంది. నలభయ్యో పోగు దగ్గర చుక్కా పువ్వూ ఒక్కచోట పడతాయి. అలాంటివి ఎన్ని నేశానో. ఆ మగ్గం పక్కనే ఉయ్యాల్లో పెరిగిన పిల్ల అది. నలభయ్యో పోగు దాకా ఆగకుండా చెయ్యి పట్టేసింది నేను.

"ఎవరి దగ్గర నేర్చుకుందండీ?" అని ఆయనే అడిగారు.

"ఎవరి దగ్గరా లేదండి," అంది పావని. "వీణ క్లాసు పక్కగదిలో మృదంగం చెబుతారు. గోడకి ఆనుకుని కూర్చుంటాను."

"మీరు ఆడపిల్లలకి చెబుతారా బాబూ?" అని అడిగాను.

"ఇంతవరకూ ఎవరూ అడగలేదండి. అందుకని చెప్పలేదు." నవ్వారు. "మాది కాకినాడే. ఆదివారాలు పంపించండి. ఏదీ అమ్మా, చేతులు?"

పావని చేతులు చాపింది. కుడిచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ వీణ మీటడానికి పెంచిన గోళ్లు. నాలుగేళ్లు కొబ్బరినూనె రాసి, విరక్కుండా నేనే కాపాడిన గోళ్లు.

"వీటితో కుదరదమ్మా," అన్నారాయన మెల్లగా. "ఆలోచించుకుని రండి."

కోటిపల్లి రేవు

మంగళవారం తిరుగు ప్రయాణం. ముక్తేశ్వరం దగ్గర నది దాటించే పంటు ఎక్కి కోటిపల్లి రేవులో దిగాలి. మోటారుసైకిళ్లు, కొబ్బరి బస్తాలు, ఒక మేక, మేము. గోదావరి మధ్యలో ఉండగా అడిగాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు వీణ కొన్నావు కదా మామ్మా."

"లేవకూడదన్నానా?"

"అన్నావు."

"లేచావా?"

"లేచాను." తల వంచుకుంది. "షరతు తప్పాను. నాన్నకి చెప్పెయ్."

ఫోను తీసి అక్కడే, మేక అరుస్తుండగానే, మా అబ్బాయికి చేశాను. "దాని మనసు వీణ మీద లేదన్నావు. నిజమే. నువ్వు చెప్పింది సగమే. పాట ఆగి అందరూ లేచిపోయాక, ఒక్క మనిషి వాయిస్తుంటే ఎదురుగా కూర్చునే పిల్ల మన ఇంట్లో ఉందిరా. ఇంతకాలం నాకు తెలియదు, నీకూ తెలియదు. వీణ కొనేవాళ్లు పిఠాపురం మాస్టారి దగ్గర ఉన్నారు. ఆ డబ్బుతో మృదంగం. పైన ఒక్క రూపాయి పెట్టను. ఆదివారాలు కాకినాడ నేనే తీసుకెళతాను, టికెట్ ఎలాగూ లేదు."

"చదువో?" అన్నాడు వాడు.

"మిగతా ఆరు రోజులు ఏం చేస్తుంది?" అని పెట్టేశాను.

పంటు మీద అందరూ మా వైపే చూస్తున్నారు. కొబ్బరి బస్తాల ఆయన, "ఏం మామ్మగారూ, మీ మనవరాలు డోలు కొడుతుందాండీ?" అన్నాడు.

"ఆయ్, మృదంగం," అన్నాను. "గుర్తుపెట్టుకోండి, తర్వాత టికెట్ కొనుక్కుని వినాల్సి వస్తుంది."

రేవులో దిగగానే పావని బడ్డీకొట్టులో ఇరవై రూపాయలు పెట్టి నెయిల్ కట్టరు కొంది. నేను లాక్కుని సంచీలో వేశాను. మా ఇంట్లో మంగళవారం గోళ్లు తియ్యం. ఎంత కచేరీ అయినా పద్ధతి పద్ధతే.

బుధవారం

పొద్దున్న నేనింకా టీ నీళ్లు పెట్టనే లేదు. పావని తల దువ్వుకోకుండానే వచ్చి, కుడిచెయ్యి చాపి నిలబడింది. అరుగు మీద వెలుతురులో కూర్చోబెట్టి, ముందు చూపుడువేలుది, తర్వాత మధ్యవేలుది తీశాను. అది వేళ్లు ఒకసారి ముడిచి చాపి చూసుకుంది. నా ముంజేతి మీద ఒక్క దెబ్బ వేసింది.

గట్టిగానే తగిలింది.